మోచేతి మీద గుర్తు

(1920ల చివర. సాలూరు దాటి కొండలెక్కే దారి మొదట్లో ఒక చిన్న మిషను ఆసుపత్రి. నర్సు లూర్దమ్మ, బండ్ల మకాం దగ్గర ఒళ్లమ్ముకుని బతికే రత్నాలు.)

“వద్దంటే ఏటి? ఈ సవాయి, సుఖరోగం, నీ మాట విని ఆగుద్దా? చెయ్యి చాపు.”

“ఇయ్యాల వద్దమ్మా.”

“మొన్ననే మానింది. మళ్లీ పుండ్లతో వచ్చావు. నాకు విసుగొచ్చేసింది రత్నాలూ.”

“నాకొక్కదానికి మానితే సరిపోద్దా? వచ్చినోలకి మానొద్దా?”

“వాళ్లని ఇక్కడికి పంపమన్నాను కదా.”

“సెప్పినాను. నవ్వినారు.”

“పోనీ, మందు పూర్తయ్యేదాకా ఎవర్నీ రానివ్వొద్దన్నాను. అదైనా విన్నావా?”

“ఇన్నాను. తలుపేసుకున్నాను. బండోలు తలుపూడదీసినారు. నీ సూది పడ్డ కాడి నుంచి మరీ ఎక్కువైపోనారు.”

“నా సూదికీ వాళ్లకీ ఏటి సంబంధం?”

“మోసేతి మీద గుర్తు సూత్తారమ్మా. సూది పడిన మనిసైతే రోగం అంటదట. వాలకున్నదీ పోద్దట. గుర్తు లేదని మా పక్క గుడిసె కనక కాడికి ఒక్కడూ ఎల్లడం లేదు. పాపం, తుమ్మముల్లుతో పొడుసుకుంది.”

“చిల్లి కుండలో నీళ్లు పోసినట్టుంది నా పని. ఈ వెర్రి మాట ఎవడు చెప్పాడు వాళ్లకి?”

“ఆ ఊసెందుకులే.”

“ఎవడో చెప్పు. నేనే వెళ్లి అడుగుతాను.”

“నువ్వడగలేవమ్మా.”

“ఎవడు? రోడ్డు మేస్త్రీయా?”

“సీకటి పడిపోద్ది. నానెల్తాను.”

“కూకో. ఈ మందు సీసా ఒక్కటే మిగిలింది. పట్నం నుంచి మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు. నీకనే దాచాను.”

“ఒక్కటే ఉందని తెలిసే వద్దంతన్నాను.”

“ముక్కు కూలిపోద్ది. మతి పోయి చస్తావు.”

“నాను సత్తే ఒక్కదాన్నే సత్తాను.”

“ఆ మాటలేటి? చెప్పిందెవడో చెప్పు, లేదంటే చెయ్యి చాపు.”

“నీ తొలిగుంటడు సచ్చి పుట్టినాడు కదమ్మా.”

“వాణ్ణెందుకు ఎత్తుతావు ఇప్పుడు?”

“మళ్లీ కడుపుతో ఉన్నావు.”

“అయితే?”

“బండోలకి ఆ మాట సెప్పింది మీ ఆయనే, కంపోండరు బాబు. ఆయన నా కాడికి రావడం నీ పెల్లి నాటి నుంచీ ఉన్నదే. ఆ సూది నాకొద్దు తల్లీ. నువ్వేసుకో.”