నీ ఒంట్లోంచి ఎన్నని తీత్తారు

టెక్కలి ఆసుపత్రిలో, పిత్తాశయంలో రాళ్ల నొప్పితో భార్య ముడుచుకుని పడుకుంది. డయాలసిస్ మీద బతుకుతున్న భర్త పక్కన కూర్చున్నాడు.

"నీకు కిడ్నీ ఇయ్యాలంటే బరువు తగ్గాలన్నారనే కదా మావా, పొట్ట సిన్నది సేసే ఆపరేషన్ సేయించుకున్నాను?"

"తొందరగా సన్నబడితే గాల్‌బ్లాడర్లో రాళ్లొత్తాయని అప్పుడే సెప్పినారు. అదే ఆపరేషన్లో గాల్‌బ్లాడర్ కూడా తీసెత్తామన్నారు. నేనే వద్దన్నాను."

"ఎందుకొద్దన్నావు?"

"నాకోసం నీ ఒంట్లోంచి ఎన్నని తీత్తారే?"

"మరి కిడ్నీ తీసేదెప్పుడు?"

"నీకిది నయమయ్యాకేనట."

"అందాకా నువ్వుంటావా?"

"పలాస బస్సు టైమైపోనాది. డయాలసిస్‌కి ఎళ్లొత్తాను."

"ఎళ్లేముందు, నా కిడ్నీలకేటీ కాలేదు కదాని డాక్టర్ని అడుగు."

"నువ్విలా మెలికలు తిరిగిపోతంటే, ఆ మాట నేనెలా అడగనే?"