రెండో టేకు

అబ్బే, కుళ్లు కాదు వదినా! కుళ్లయితే పద్దెనిమిదేళ్లు ఆయన శాక్సోఫోన్ పక్కన కూర్చుని పియానో వాయించేదాన్నా? ఎవరన్నారు మీకా మాట? మీ తమ్ముడేనా? ఆహా. నోట్లో శాక్సోఫోన్ ఉన్నంతసేపే ఆయన నోరు అదుపులో ఉంటుంది లెండి.

కూర్చోండి, చెప్తాను. ఆయన కొత్త జాజ్ ఆల్బమ్‌లో పాటలన్నీ బాగున్నాయి, చివరిదే చప్పగా ఉందేమిటని కదా మీరడిగింది? మీకే కాదు, పేపర్లోనూ అదే రాశారు.

ఈ వేళ్లు చూడండి. ముడిస్తే మళ్లీ తెరుచుకోడానికి ఎంతసేపు పడుతోందో చూశారా? రెండేళ్లయింది ఇలా బిగుసుకుపోయి. ఆ ఆల్బమ్ చేద్దామనుకున్నది మేమిద్దరం. చివరి పాట కట్టింది నేను. తీరా స్టూడియోకి వెళ్తే పియానో ముందు నా స్టూలు మీద ఎవరో కొత్త పిల్ల! మంచిదే, ఏమనను? "అక్కా, మీ అంత రాదు నాకు" అంది నవ్వుతూ. ఒళ్లు మండిపోయింది.

నేనా? అద్దానికి ఇవతల. రికార్డింగ్ చేసే అతని పక్కన, ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని.

ఆ చివరి పాట మొదటి టేకులో, అదే, మొదటిసారి వాయించినప్పుడు, ఎవరిదో కుర్చీ కిర్రుమంది, పాడైపోయింది. రెండోది మొదలుపెట్టారు. వదినా... ఎలా చెప్పను? ఒకచోట ఆ పిల్ల వాయించడం మానేసింది. ఊరికే ఆగిపోయింది. నేనైతే అక్కడ చేతినిండా వాయించేదాన్ని. ఆ ఖాళీలోకి మీ తమ్ముడు వచ్చారు, మెల్లగా, పసిపిల్ల నిద్రపోతున్న గదిలోకి అడుగుపెట్టినట్టు. ఆ ధ్వని ఆయనలో ఉందని నాకు తెలీదు. ఇన్నేళ్లు కాపురం చేసినదాన్ని, నాకు తెలీదు!

మూడోసారి శుభ్రంగా వాయించారు. ఎక్కడా తప్పు లేదు. జాజ్‌కి అది చాలదు వదినా, అప్పటికప్పుడు పుట్టాలి.

మీ తమ్ముడు చెమటలు కక్కుతూ బయటికొచ్చి, అంతమందినీ వదిలేసి నన్నడిగారు. "ఏదుంచమంటావ్? వాయించేటప్పుడు నాకేం తెలీదు, నీ చెవే నా చెవి."

"మూడోది" అన్నాను.

ఆలోచించనైనా లేదు మనిషి. "అయితే రెండోది తీసెయ్యండి" అనేశారు. ఆ పిల్ల తలెత్తి నావంక చూసింది. దానికి తెలుసు! ఒక్క మాటంటే దెబ్బలాడేదాన్ని కదా, అనలేదు. అదే నాకు మింగుడుపడదు.

పేపరు చూసిన రోజు నుంచీ ఆయనకి తిండి సయించడం లేదు. "నా పని అయిపోయిందేమోనే" అంటారు. పొద్దున పెట్టె తెరిచి, శాక్సోఫోన్‌ని అలా చూసి, మూసేశారు. నేను పక్కన కాఫీ గ్లాసు పెట్టి వంటింట్లోకి వచ్చేశాను.

అంత ఘోరమా అన్నట్టు చూడకండి. ఇంకా ఉంది.

రికార్డింగ్ అతను ఆ రెండో టేకుని తీసెయ్యలేదు. వచ్చేస్తుంటే నా సంచిలో ఒక కాపీ పడేశాడు, "మనసు మారితే వినిపించండమ్మా" అని. బీరువాలో బట్టల కింద ఉంది. ఆయన గడప దాటగానే తలుపేసుకుని వింటాను. మీరు బెల్లు కొట్టినప్పుడూ అదే వింటున్నాను.

మీ తమ్ముడు ఎంత గొప్పవారో లోకానికి తెలీదు, ఆయనకే తెలీదు. నా ఒక్కదానికే తెలుసు.

ఇచ్చేస్తాను లెండి. ఇవ్వకుండా ఎక్కడికి పోతాను?

ఇవాళ మాత్రం అడక్కండి.