పళ్ళున్నదే కావాలన్నాను

ఆ పెన్సిలు నాకడం ఆపి రాసుకో విల్లీ. కొట్టాను. పారతో కొట్టాను. రెండు దెబ్బలు కొట్టాను. ఇంకేం కావాలి నీకు? "చెయ్యి జారి తగిలింది" అని రాస్తావా? అలా రాశావంటే ఆ పార ఇంకా వాకిట్లోనే ఉంది, జాగ్రత్త!

కూర్చో. అందులో కాదు, దాని కాలు విరిగింది. ఇదిగో, ఇందులో. ఆ టోపీ తీసెయ్. నీకు బొడ్డు కోసింది నేను, నా ముందు పోలీసు టోపీ ఏమిటి?

జాబెజ్ ఎలా ఉన్నాడు? దవడకి తీగ కట్టారా? బతుకుతాడా? సరే, బతకనీ. సంతోషమే. అదేంటా చూపు? సంతోషమే అన్నాను కదా!

మొదట్నుంచీ చెప్పమంటావు. విను మరి.

ఈనాస్ పోయి మార్చికి ఏడాది. ఆయనతో నలభై ఏళ్ళు కాపురం చేశాను. ఆ నలభై ఏళ్ళూ మా పెరట్లో ఆ ముంగిసలాంటి ఫెర్రెట్లు ఉంటూనే ఉన్నాయి. మన గనివాళ్ళలో ఎవరింట్లో లేవు? కానీ ఒక్కటీ నాది కాదు. పెంచుకోడానికి కాదు, పనికి. గనికి సెలవొస్తే చాలు, సంచీలో వేసుకుని కొండవారకి పోయేవాడు. కుందేలు బొరియలోకి దాన్ని వదిలితే, కుందేళ్ళు అవతలి కన్నంలోంచి బయటికి దూకి వలలో పడేవి. దానికి తిండీ నీళ్ళూ చూసేదాన్ని నేను. వేటకి తీసుకుపోయేది ఆయన.

పళ్ళ సంగతి నీకు తెలుసు. మీ నాన్న చెయ్యలేదూ? ఫెర్రెట్‌కి కోరలుంటే లోపలే కుందేలుని చంపేసి, కడుపునిండా తిని, అక్కడే నిద్రపోతుంది. పైన ఈ వీరులు చలికి గజగజ వణుకుతూ కూర్చోవాలి. అందుకని చిన్నప్పుడే పట్టకారుతో నాలుగు కోరలూ విరిచేస్తారు. ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడొస్తుంది. అది అరుస్తుంది చూడూ... నీకు తెలుసులే.

ఏడాదంతా ఒక్కదాన్నే ఉన్నాను. పిల్లిని తెచ్చుకోవే అన్నారు చర్చి ఆడాళ్ళు. నాకెందుకు పిల్లి? ఫెర్రెట్టే తెచ్చుకుంటాను అన్నాను. పనికి కాదు, ముద్దుకి. దాని పళ్ళన్నీ దానికే ఉండాలి. ఈ ఇంట్లో పళ్ళున్న ప్రాణి ఒక్కటుండాలి, నేను చచ్చేలోగా ఒక్కటైనా ఉండాలి! అదీ నా కోరిక. మతిపోయిందన్నారు. పోతే పోయింది.

ఆ ముందుగది చూశావా? అది జన్మలో తెరిచామా? పాస్టరుగారు వస్తేనో, శవాన్ని పడుకోబెట్టాలంటేనో తెరిచేవాళ్ళం. ఈనాస్‌ని అక్కడే పడుకోబెట్టాం. అందులో పాస్టరుగారి కుర్చీ ఈడ్చి బయట పారేశాను. దాని చోట గూడు పెట్టాను. చూడు, వంటింటి అలమర తలుపు ఊడదీసి నేనే మేకులు కొట్టి చేశాను. వేలి మీద సుత్తి పడి గోరు ఊడింది, ఇదిగో. ముందు ఇనప వల, లోపల గడ్డి, గడ్డి మీద ఈనాస్ గని చొక్కా. ఆయన చొక్కా మీద అది ఒంటేలు పోస్తే చూసి ఆనందిద్దామని! నవ్వకు. నవ్వితే నవ్వులే. దూరి ఆడుకోడానికి మట్టిగొట్టం కూడా తెచ్చాను.

జాబెజూ వేటకి ఫెర్రెట్లు పెంచుతాడు కదా, వాడి దగ్గర ఆడది ఈనింది. ఏడు పిల్లలు. అందులో తెల్లది నాదన్నాను. క్వీనీ అని పేరు కూడా పెట్టేశాను. ప్రతి వారం వెళ్ళి చూసొచ్చేదాన్ని. వెళ్ళినప్పుడల్లా అదే మాట: "జాబెజ్, పళ్ళ జోలికి పోకు." సరే హెప్సీ అనేవాడు. "విన్నావా? పళ్ళు ముట్టుకుంటే నిన్ను చంపుతాను." విన్నానే బాబూ అనేవాడు. ఒక్కసారి కాదు, ఎనిమిది వారాలు చెప్పాను.

పోయిన వారం క్వీనీ నన్ను కొరికింది విల్లీ! ఇదిగో, బొటనవేలు. ఎముక దాకా దింపింది. వదలదే! రక్తం మోచేతి దాకా కారింది. జాబెజ్ కంగారుపడిపోయి దాని ముక్కు నొక్కి విడిపించాడు. నాకెంత సంబరమేసిందో చెప్పలేను. దారి పొడుగునా ఆ వేలు చూసుకుంటూ, నవ్వుకుంటూ ఇంటికొచ్చాను.

ఇవాళ పొద్దున బుట్ట పట్టుకుని వెళ్ళాను, తెచ్చుకుందామని. వెళ్ళేసరికే అయిపోయింది. విరిచేశాడు. దాని మూతంతా రక్తం.

"భయపడకు హెప్సీ, నీ కోసమే చేశాను. ఒంటరి ఆడదానివి, మళ్ళీ కొరికితే ఎలా?" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నాకేదో పెద్ద మేలు చేసినట్టు!

నీ కోసమే.

ఆ మాట నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను. నా పెళ్ళికి వారం ముందు మా నాన్న నన్ను పట్నం తీసుకెళ్ళాడు, పెళ్ళి కానుక ఇస్తానని. కొత్త కోటు కొంటాడనుకున్నాను. పళ్ళ డాక్టరు మెట్లెక్కించాడు. అన్నీ పీకించాడు విల్లీ. ఒక్క పూటలో, పైవీ కిందవీ. ఇరవై ఎనిమిది పళ్ళు, అందులో పుచ్చింది ఒకటే ఒకటి! కట్టుకున్నవాడికి రేపు నా పళ్ళ డాక్టరు ఖర్చు ఉండకూడదట. "నీ కోసమేనే తల్లీ" అన్నాడు. అప్పట్లో అందరూ అలాగే చేసేవారు, మీ అమ్మకీ చేశారు, అడుగు. నేను తన్నుకుంటుంటే మత్తు కూడా సరిగా ఎక్కలేదు. నా తల కదలకుండా ఒళ్ళో పెట్టుకుని పట్టుకున్నది మా అమ్మే. గట్టిగా పట్టుకుంది. ఆమె ఏప్రనంతా నా రక్తమే.

పెళ్ళి ఫోటోలో నా మూతి చూడు, అదిగో గోడ మీద. సిగ్గుపడుతున్నాననుకుంటారు అందరూ.

అందుకని పార తీశాను. అక్కడే క్యాబేజీ మడిలో గుచ్చి ఉంది. ఒక్కటిచ్చాను, భుజం మీద. మడిలో వెల్లకిలా పడ్డాడు. నోరు తెరు అన్నాను. తెరవడే! గుండెల మీద మోకాలు పెట్టి కూర్చున్నాను. వాడి పట్టకారు తీసుకుని వాడి నోట్లోనే పెట్టాను. నాలుగు పీకుతాను, లెక్కకి లెక్క సరిపోతుంది అనుకున్నాను. పట్టుకుని ఒక్క లాగు లాగితే...

మొత్తం ఊడొచ్చింది విల్లీ. పలకకి పలక. కట్టుడు పళ్ళు!

చర్చిలో పక్క వరసలో కూర్చుని ముప్ఫయ్యేళ్ళు పాటలు పాడాడు, నాకు తెలీదు. బోసి నోటితో అంటున్నాడు కదా, "మా అమ్మ పీకించేసింది హెప్సీ, ఇరవై ఒకటో పుట్టినరోజుకి." ఏడుస్తున్నాడు. వాడి పళ్ళు నా చేతిలో పట్టకారుకి వేలాడుతున్నాయి, వాడు ఏడుస్తున్నాడు.

అప్పుడు కొట్టాను రెండోది. దవడ విరిగింది దానితోనే. రాసుకున్నావా?

ఎందుకంటావా? కిందపడి ఏడుస్తున్నవాణ్ణి ఎందుకు కొట్టావంటావు? ఏమో! కోపం. కోపం అని రాయి. ఆడదానికి కోపం రాదా?

అదేమిటి, అటు చూస్తున్నావు? ఏప్రనా? అది జాబెజ్ రక్తం. వాడి మీద కూర్చున్నానని చెప్పాను కదా.

ఒళ్ళో మధ్యలో ఉందంటావు. చుట్టూతా మడతలు పడి ఉందంటావు. తెల్ల బొచ్చు అంటుకుని ఉందంటావు. పెద్ద పోలీసువయ్యావురా నువ్వు!

...

కొట్టేయ్. "వెళ్ళేసరికే అయిపోయింది" అన్నానే, ఆ ముక్క కొట్టేయ్.

నేను వెళ్ళేసరికి క్వీనీ బాగానే ఉంది. గంతులేస్తోంది. జాబెజ్ చేతిలోకి తీసుకుని నాకిచ్చాడు. "కాస్త ఇలా పట్టుకో హెప్సీ" అన్నాడు. పట్టుకున్నాను. ఏప్రన్‌లో చుట్టి, కాళ్ళు కదలకుండా, తల బయటికి ఉండేలా పట్టుకున్నాను. నలభై ఏళ్ళూ ఈనాస్ విరుస్తుంటే పట్టుకున్నది ఎవరనుకున్నావు? నేనే! రోజూ తిండి పెట్టేది నేను కదా, నా దగ్గరైతే కదలవు. నా చేతిలో నమ్మకంగా పడుకుంటాయి. అందుకని నన్ను పిలిచేవాడు.

పట్టకారు చూడలేదా అంటావు.

చూశాను. వాడి జేబులోంచి తీయడం చూశాను. వద్దు అనాలి కదా? ఎనిమిది వారాలు అన్నదాన్ని, అప్పుడు నోరు పెగల్లేదు. నా చేతులు పట్టు ఇంకా బిగించాయి, విల్లీ. వాటికి అదే అలవాటు. మొదటి చప్పుడుకి కూడా వదల్లేదు. నాలుగోది అయ్యాక వదిలాను.

ఆ రెండో దెబ్బ వాడిది కాదు. నాకు తగలాల్సింది. అలా రాయడానికి మీ కాగితంలో చోటుందా? లేదు కదా. కోపం అనే రాయి.

వస్తాను, ఉండు. ఎక్కడికి పారిపోతాను? పాలల్లో రొట్టె నానింది, ముందుగదిలో క్వీనీకి పెట్టి వస్తాను. నన్ను లోపల వేస్తే మీ అమ్మకి చెప్పు, రొట్టె బాగా నానబెట్టమను. గట్టిగా ఉంటే తినలేదు.

ఇందాక నా వేలు నోట్లో పెట్టుకుంది. అదే వేలు, ఆ బొటనవేలే. కొరికింది విల్లీ. ఒళ్ళంతా వణికిపోతూ, బలమంతా పెట్టి కొరికింది పిచ్చిది.

నాకు తెలియను కూడా లేదు.