ముత్యాలు ఇంటికి చెప్పిన సొర

సాయంత్రమైంది. పడమటి గాలి పడిపోయింది. మబ్బుంది, వాన లేదు. ఈ కథ ఇప్పుడే చెప్పుకోవాలి, ఎందుకంటే చీకటి పడ్డాక చెబితే మీలో సగం మంది నా ఇంట్లోనే పడుకుంటామంటారు, నా దగ్గర అన్ని చాపలు లేవు.

సరుగుడు తోట దాటాక రెండు రాతి స్తంభాలున్న నుయ్యి చూశారు కదా? గిలక లేదు, చేద లేదు, చుట్టూ ముళ్ళకంప వేసేశారు. అదే, ఉప్పునుయ్యి. దానికా పేరు మొదట్నుంచీ లేదు. ఒకప్పుడు ఈ పాలెంలో పప్పు ఉడికిందంటే ఆ నీళ్ళతోనే ఉడికేది. మరి ఇప్పుడు మేక కూడా అటు ఎందుకు పోదు? చెబుతాను. ఒరే సింహాద్రీ, కాలు ముడుచుకో, తొక్కుతారు.

అప్పట్లో మన పాలెంలో ముత్యాలు అని ఒకావిడ ఉండేది. మొగుడు అప్పన్న, మరిది కాసులు, కొడుకు నరసింగు. ముగ్గురిదీ ఒకటే పడవ. ఉన్న ముగ్గురూ ఒకే పడవెక్కితే ఇంట్లో ఉన్నదానికి ఎలా ఉంటుందో మీ అమ్మల్ని అడగండి. అందుకే ఆవిడ పెద్దగా మాట్లాడేది కాదు. పడవలొచ్చే వేళకి ఒడ్డున నిలబడేది, ముగ్గుర్నీ లెక్కపెట్టుకునేది, ఇంటికి పోయి అన్నం వార్చేది, అంతే.

ఇంకో సంగతి చెప్పకపోతే మీకు తెలియదు. సొరని చంపేముందు మనవాళ్ళు ఒక మాట చెప్పేవారు. వేరే చేపలకి కాదు, సొరకే. తల మీద చెయ్యేసి, అమ్మా, నువ్వు ఫలానావాళ్ళింటికి పోతన్నావు, అక్కడ బాలింత ఉంది, నిన్ను పిట్టు వండి పెడతారు అని ఇల్లు చెప్పి, అప్పుడు దుడ్డుకర్ర ఎత్తేవారు. ఎక్కడికి పోతున్నామో తెలియకుండా పోవడం ఎవరికైనా కష్టమే కదా? కడుపుతో ఉన్నదైతే అసలు చంపరు, తాడు కోసి వదిలేస్తారు. నరసింగు పుట్టినప్పుడు ముత్యాలుకి పాలు పడలేదు, సొర పిట్టు తిన్నాకే పడ్డాయి. ఆవిడకి సొర అంటే అదీ.

అలా ఉండగా పట్నం నుంచి ఒకాయన దిగాడు. నల్ల కళ్ళద్దాలు, నడుముకి తోలు పటకా, నిలువెత్తు గాలం. మనవాళ్ళు గాలం బాబు అని పేరెట్టేశారు. ఆయన చేపలు తినడట, వాసన పడదట, మరి పట్టడమెందుకయ్యా అంటే సరదా అన్నాడట. అప్పన్న పడవ కిరాయికి మాట్లాడుకుని, నడిసముద్రంలో రెండు గంటలు గుంజి గుంజి ఒక సొరని పక్కకి తెచ్చాడు. అప్పన్న చూస్తే దాని పొట్ట ఇంత ఉంది. బాబూ, ఇది కడుపుతో ఉంది, వదిలేద్దాం అని చెప్పాడు. ఆయన వింటాడా? ఇంకా మంచిది, ఫొటోలో పెద్దగా పడుతుంది, కొట్టు అన్నాడు. అప్పన్న కర్ర ఎత్తాడు, అలవాటు కొద్దీ తల మీద చెయ్యేశాడు. ఏ ఇల్లని చెబుతాడు? అది ఏ కుండలోకీ పోవడం లేదు కదా. ఏదో ఒకటి చెప్పకుండా కొట్టడానికి చెయ్యి రాలేదు, అందుకని, మా ముత్యాలు దగ్గరికే పోతన్నావమ్మా అనేసి, కొట్టేశాడు.

చూశారా, చంపడం ఒక తప్పు, చచ్చేదానికి అబద్ధం చెప్పడం ఇంకో తప్పు.

ఒడ్డుకి తెచ్చి, ఎత్తుగా ఉంటుందని ఆ నూతి స్తంభాలకే తోకతో వేలాడదీశారు. గాలం బాబు పక్కన నిలబడి పళ్ళికిలించి ఫొటోలు దిగుతుంటే, సొర పొట్టలోంచి పిల్లలు జారాయి. ఐదు. ఒకదాని వెనక ఒకటి నూతిలో పడ్డాయి. మంచినీళ్ళలో అవి ఎంతసేపు బతుకుతాయి? ముత్యాలు అప్పుడు కడవతో అక్కడే ఉంది. ఒక్కొక్కటీ పడిన చప్పుడు విన్నది. ఖాళీ కడవతోనే ఇంటికి పోయింది.

ఆయన ఆ దవడ ఒక్కటీ కోయించి, స్తంభానికి కట్టించి, ఎండనియ్యండి, ఆదివారం వచ్చి అద్దాల పెట్టెలో పెట్టించి మా ఇంటి గోడకి తగిలించుకుంటాను అని చెప్పి పోయాడు. మిగతాదాన్ని ఎవరూ వండలేదు, కడుపుతో ఉన్నదాన్ని ఎవరు తింటారు? ఇసకలో కప్పెట్టారు.

మర్నాటికి నూతి నీళ్ళు ఉప్పు. అంతే కాదు, నూతి దగ్గర్నుంచి సరుగుడు చెట్ల దాకా ఇసకలో ఒక జాడ, చాపంత వెడల్పున, పాకినట్టు. పక్కన సన్న జాడలు ఐదు. రెండో రోజు ఆ జాడ వలల గుట్ట దాకా వచ్చింది. మూడో రోజు, ఆదివారం తెల్లారి, ముత్యాలు తలుపు తీస్తే గడప తడిసి ఉంది.

ఆవిడ అప్పన్న మొహం చూసింది. ఆ చూపుకే అతను తల వంచుకుని మొత్తం చెప్పేశాడు. ఇయ్యాల పోకండి అందావిడ. కుక్క ఏదో ఈడ్చింది లేవే అని ముగ్గురూ పడవ దించారు.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. పడవలన్నీ వచ్చేశాయి. అప్పన్న పడవ రాలేదు. ఎవరిని అడిగినా చూడలేదన్నారు. ముత్యాలు ఒడ్డున ఏడుస్తూ కూర్చుందనుకున్నారా? తిన్నగా నూతి దగ్గరికి పోయి దవడకి కట్టిన తాడు కోసింది. సరిగ్గా అప్పుడే గాలం బాబు కారు దిగాడు.

అది నాది అన్నాడు.

"ఇది మా ఇంటికని చెప్పిన సొర" అంది ముత్యాలు.

ఆయన నవ్వాడు. మీరు రోజూ చంపుతారు, నేను ఒక్కటి చంపితే దెయ్యం పట్టిందా అన్నాడు. పాలెం అంతా అక్కడే ఉంది. ముత్యాలే అందుకుంది.

"చంపుతాం. ఆకలేసి చంపుతాం, ఎవరి ఆకలో దానికి చెప్పి చంపుతాం. మీరెవరి పేరు చెబుతారు? గోడకి ఆకలేస్తదేటి బాబూ?"

ఆయన పోలీసు కేసన్నాడు. "పెట్టండి. కడుపుతో ఉన్నదాన్ని కొట్టించానని కూడా రాయండి" అని, ఆవిడ దవడ చంకన పెట్టుకుని నడిచింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టబోయి, ఆవిడ మొహం చూసి తీసేసుకున్నాడు. ఆ దవడలోని పళ్ళకంటే ఆవిడ మొహం చూస్తేనే ఎక్కువ భయమేసిందని ఆ రోజు చూసినవాళ్ళు చెప్పేవారు.

తిన్నగా సముద్రంలోకి పోయి రొమ్ముల దాకా నీళ్ళలో దిగింది. పసుపు లేదు, కుంకుమ లేదు, మొక్కు లేదు.

"నీకు అబద్ధం చెప్పారు. చెప్పింది నా మొగుడే. నేను కాళ్ళు పట్టుకోను, నీ నోరు నీకిచ్చేస్తన్నాను. నా ముగ్గుర్ని నాకిచ్చెయ్" అంది. అని దవడ వదిలేసింది.

అలకి అది ఒడ్డుకి కొట్టుకు రావాలి కదా? రాలేదు. లోపలికి పోయింది, నీళ్ళకి ఎదురు. ఏదో చల్లగా, గరుగ్గా ఆవిడ నడుము పక్కన రాసుకుంటూ వెళ్ళింది. ఆవిడ కదల్లేదు.

ఎండ వాలుతుండగా పడవ కనిపించింది. ఇంజను పొద్దుటే ఆగిపోయిందట, తెడ్లు కూడా విరిగిపోయాయట. మరి ఎలా వచ్చారర్రా అంటే, కింద నుంచి ఏదో తోసింది అన్నాడు కాసులు. అప్పన్న మాత్రం దిగి, పెళ్ళాం ముందు నిలబడి, ఇంక అబద్ధం చెప్పనే అన్నాడు.

తల్లి సొర వెళ్ళిపోయింది. నూతిలో పడ్డ ఐదూ ఎక్కడికి పోతాయి? వాటికి ఏ ఇల్లూ ఎవరూ చెప్పలేదు. ఈ వేళప్పుడు ఆ స్తంభాల దగ్గర నిలబడితే కింద తోకలు కొట్టుకునే చప్పుడు వినిపిస్తుంది, చెబుతారేమోనని చూస్తుంటాయి. అందుకని అటు పోకండి. పోతాను, నాకు భయం లేదు అనేవాళ్ళుంటే పొండి, కానీ తొంగిచూసి ఎవరింటివాళ్ళో మాత్రం చెప్పుకోకండి. తెల్లారి మీ గడప తడిస్తే, తుడవడానికి ఇప్పుడు ముత్యాలు లేదు.

ఆ సాయంత్రం మాత్రం ఆవిడ తడి చీరతోనే ఒడ్డున నిలబడి, ఒక్కొక్కరి భుజం పట్టుకుని చూసుకుంది. అప్పన్న. కాసులు. నరసింగు. ముగ్గురూ.

మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది.