వేలి కాటా

కుర్చీ వద్దులే. కూర్చుంటే నా కోపం చల్లారిపోతుంది, నా సంగతి నాకు తెలుసు. నిలబడే తిడతాను. నువ్వు కూర్చో. కొట్టు నీది, కాగితం నీది.

మంచినీళ్ళా? అక్కర్లేదు. ...సరే, ఇటివ్వు. తాగినంత మాత్రాన తిట్టననుకోకు.

అది కాదు బావమరిదీ, పధ్నాలుగేళ్ళుగా నా ప్రెస్సుకి కాగితం వేస్తున్నది నువ్వే కదా! ఒక్కసారైనా తూచి చూసుకున్నానా? పెళ్ళాం తమ్ముడివని కట్ట విప్పి నేరుగా మిషను మీద పెట్టేవాణ్ణి. ఇలా చెయ్యడానికి నీకు మనసెలా వచ్చిందయ్యా? పోనీ నాకు చేశావు, నేను మోసపోవడంలో చెయ్యి తిరిగినవాణ్ణి. మీ అక్కకి చేశావు కదరా!

ఏమీ తెలియనట్టు చూడకు. గ్రంథాలయంలో పిల్లల గది కోసం మీ అక్క చేసిన కాగితపు ఊరు. నలభై ఇళ్ళు, ఓ గడియార స్తంభం, మధ్యలో వంతెన. చుక్క జిగురు లేదు. అట్టకి నాలుకలు కోసి, గాట్లలో దూర్చి నిలబెట్టింది. ఇన్నేళ్ళూ నా ప్రెస్సులో విజిటింగ్ కార్డులు కట్టలు కట్టిన మనిషికి, తన పేరు మీద వచ్చిన మొదటి పని. బాగుంటే పై అంతస్తులో ఓడరేవు కూడా తననే చెయ్యమన్నారు.

ప్రారంభం రోజున లైబ్రేరియన్ గారు మైకు పట్టుకుని, "ఇందులో చుక్క జిగురు కూడా లేదు" అంటున్నారు. సరిగ్గా ఆ "లేదు" దగ్గర వంతెన కూర్చుంది. పడలేదు సుమా, కూర్చుంది. నడుంనొప్పి ఉన్న పెద్దమనిషిలా, మెల్లిగా, అందరికీ కనిపించేలా. ఏమైందా అని గడియార స్తంభం ఒంగి చూసింది.

నవ్వకు. నేనూ నవ్వాననుకో. అది వేరే తప్పు, దానికి శిక్ష వేరే నడుస్తోంది.

మీ అక్క ఇంటికొచ్చి, మిగిలిన అట్టలో పది చదరాలు కోసింది. ఒక్కోటీ పది సెంటీమీటర్ల పొడవు, పది వెడల్పు. వంటింటి కాటా మీద పెట్టింది. పదీ కలిపి ఇరవై ఐదు గ్రాములు. దాన్ని పదితో హెచ్చిస్తే చదరపు మీటరుకి రెండొందల యాభై గ్రాములు. జీఎస్ఎం అంటే అంతేగా మరి! నేను పంపమన్నది మూడొందలు.

"మీరు ముట్టుకుని చూశారుగా?" అంది. అంతే.

ముట్టుకున్నానయ్యా. బజారంతా నన్ను వేలి కాటా అంటారు కదా. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అట్ట పెట్టి ఒక్క నలుపు నలిపానంటే అంకె చెప్పేస్తాను. ఆ బిరుదు నాకెవరిచ్చారంటావా? నేనే ఇచ్చుకున్నాను. జనం మొహమాటానికి వాడుతున్నారు.

నలిపాను. మందంగా తగిలింది. మూడొందలే అన్నాను. అది ఉబ్బు రకమని నాకేం తెలుసు? పైకి మందం, లోపల గాలి. నాలాగే అంటావా? అనుకో. నున్నగా పూత వేసిన అట్ట అదే బరువుకి పల్చగా ఉంటుంది, ఇది లావుగా ఉంటుంది. వేలికి తెలిసేది లావే కానీ బరువు కాదు. ఇరవై రెండేళ్ళు ప్రెస్సు నడిపి ఈ ముక్క నేను వంటింట్లో నేర్చుకున్నాను. ఆ గుల్ల అట్టకి కోసిన నాలుకలు గాట్లలో దూర్చేటప్పుడే నలిగిపోయాయట. మర్నాటికి పట్టు వదిలేశాయి.

నీకు తెలుసు కదా! మూడొందలది లేకపోతే లేదని ఫోన్లో ఒక్క ముక్క చెప్పలేవూ? "బావ వేలితో చూస్తాడు, మందం ఉంటే చాలు" అనుకున్నావు. అవునా, కాదా? ఇన్నేళ్ళలో నా వేలిని నిజంగా నమ్మినవాడివి నువ్వొక్కడివే, అదీ ఇందుకా!

ఏంటా చూపు? లేబులా?

...ఉంది. లేదని ఎవరన్నారు? చుట్టిన కాగితం మీద "250" అని నా బొటనవేలంత అంకెలు. చదివాను కూడా. చదివి ఏమనుకున్నానో చెప్పనా? లేబుల్ అంటించినవాడు పొరబడ్డాడనుకున్నాను. ఇదీ మీ బావ.

కట్ట ప్రెస్సులోనే విప్పి, అట్టలు మాత్రం ఇంటికి మోసుకెళ్ళాను. మీ అక్క కాటా తీసిన సాయంత్రం ప్రెస్సుకి పరుగెత్తి, చుట్టిన కాగితం అక్కడే వదిలేసి, ఆ లేబుల్ ఒక్కటీ చించేశాను. ఇదిగో, జేబులో. తిరిగి ఇంటికెళ్ళి, "మీ తమ్ముడు మూడొందలని చెప్పి మోసం చేశాడు" అని మీ అక్కతో అన్నాను. గొంతు కూడా వణికించాను.

తిట్టు. తిట్టవేం?

చూడు, నువ్వు తమ్ముడివి. నీ మీద కోపం ఎన్నాళ్ళుంటుంది తనకి? నాలుగు రోజులు. అయిదో రోజు తనే ఫోన్ చేసి తిన్నావా అంటుంది. నాకా సౌకర్యం లేదు. అందుకని, లేబుల్ లేకుండా పంపానని నువ్వే ఒప్పేసుకో. నిజానికి ఇది అడగడానికే వచ్చాను. తిట్లు దారిలో కలిశాయి.

బల్ల కిందనుంచి ఏం తీస్తున్నావు? కొత్త కట్టా? లేబుల్ ఉంది, కనిపిస్తోంది. తిప్పడమెందుకు?

...రెండో వైపు కూడా అంటిస్తారా?

ఎప్పటినుంచి? మొదటినుంచీనా?

అంటే, మర్నాడు పొద్దున్నే ప్రెస్సు ఊడుస్తానని వచ్చింది అందుకా! ఆ రెండో లేబుల్ చూసిందా? చూసి నీకు ఫోన్ చేసిందా? నిన్ను తిట్టిందా? అరగంటా! మరి నన్ను ఒక్క మాట అనలేదేం?

ఆరు రోజులయ్యా. ఆ పది చదరాలూ రోజూ నా కంచం పక్కన పెడుతోంది. నీ మీద కోపమనుకున్నాను. నేనే చెబుతానని చూస్తోందన్నమాట.

ఇంకేమంది? "మీ బావ వచ్చి నిన్ను తిడతారు, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టు" అందా?

చూశావా, అక్కా తమ్ముడూ కలిసి నన్నెంత మోసం చేశారో!

ఆ కుర్చీ ఇటు లాగు. మెల్లిగా కూర్చుంటాలే, వంతెనలాగే.