దాచిన ముక్క

యెరూషలేములో ఓ పాత మేడ, మూడో అంతస్తు. పస్కా పండగ రాత్రి. విందు మొదట్లో విరిచిన పులియని రొట్టె ముక్కొకటి పిల్లలు ఎత్తుకుపోయి దాస్తారు. ఇంటి పెద్ద ఏదో ఒకటి ఇస్తానని బేరమాడి దాన్ని తెచ్చుకోవాలి. చివర్న అది తింటేగాని విందు ముగియదు. ఏటా నవ్వులాటగా జరిగిపోయే బేరమే. ఈ ఏడు మాత్రం ఎనిమిదేళ్ళ షిఫ్రా ఐదేళ్ళ తమ్ముణ్ణి వెంటేసుకుని స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకుంది. పండగ రొట్టెలు కాల్చే బట్టీ నడిపే ఫైవెల్ తాత బయట నిలబడి ఉన్నాడు. ఆయనకి అప్పటికే మోకాళ్ళు లాగుతున్నాయి.

"సైకిలన్నాను కదే. ఇంకేం కావాలి నీకు?"

"సైకిలొద్దు."

"వద్దనకే అక్కా. ఎర్రది. గంట కూడా ఉంటుంది."

"నువ్వు నోరు మూసుకో బెరెల్."

"చూశావా, వాడు కావాలంటున్నాడు. ఇంత ముక్కకి అంత సైకిలు. నా చిన్నప్పుడు మా తాత నా చేతిలో పెట్టింది గుప్పెడు అక్రోటు కాయలు. అందులో రెండు పుచ్చువి. దానికే గంతులేశాను."

"సైకిలుకి గంట ఉంటుందా తాతా?"

"ఉంటుందిరా. రెండు పెట్టిస్తా. ముందు మీ అక్కని గడియ తియ్యమను."

"తియ్యను."

"పోనీ చక్రాల బూట్లు కొననా? మొన్న అడిగావుగా."

"మొన్న అడిగాను. ఇవాళ అడగట్లేదు."

"మరేం కావాలే తల్లీ? చెప్పి చావు."

"ఏమండీ, కాస్త మెల్లగా. వీధి తలుపు పక్కనే నిలబడి అరుస్తున్నారు. మెట్ల మీదికంతా వినబడుతుంది."

"వినబడనీ ఈట్టా. ఈ రాత్రి ఏ ఇంట్లో అరుపుల్లేవు? అర్ధరాత్రికి ఇంకా ఎంతుంది?"

"ముప్పావు గంట."

"విన్నావా షిఫ్రా? అర్ధరాత్రి దాటితే ఆ ముక్క తినడానికి లేదు. ఈట్టా, నువ్వెళ్ళి నీ కొడుకుని లేపు. కన్నవాడు కుర్చీలో నిద్రపోతాడు, బేరం నా నెత్తిన."

"నాన్న నిద్రపోవట్లేదు తాతా. కళ్ళు మూసుకున్నాడంతే. పొద్దున నువ్వు ఫోన్ చేసినప్పుడు కూడా అట్లాగే మూసుకున్నాడు."

"ఏం ఫోను?"

"అమ్మకి చేశావు కదా, ఆ ఫోను."

"ఈట్టా, నువ్వెళ్ళి టేబుల్ దగ్గర కూర్చో."

"నేను ఇక్కడే ఉంటానండీ."

"నేను వంటింట్లో గుడ్లు వొలుస్తున్నా తాతా. నువ్వు నన్ను చూసుకోలేదు. 'బెరెల్‌కి జ్వరం, ఒళ్ళు కాలిపోతోంది, పిల్లల్ని పంపలేం' అన్నావు. వాడు అప్పుడు మంచం మీద ఎగురుతున్నాడు."

"నాకు జ్వరం లేదు తాతా."

"లేదురా నాన్నా, లేదు."

"మరి ఉందని ఎందుకు చెప్పావు?"

"పెద్దవాళ్ళం మాట్లాడుకున్నవి మీకెందుకే? తలుపు తియ్యి."

"పోయినేడు పండగ నాన్న దగ్గర. ఈ ఏడు అమ్మ దగ్గర. కోర్టు కాగితంలో రాసుంది. నాకు చదవడం వచ్చు."

"కాగితం రాసినవాళ్ళకేం తెలుసు. ఆమె ఇంట్లో పండగ పూట ముట్టకూడని పులిసిన రొట్టె ఉంటుంది. ఆ పళ్ళేల్లో మీకు అన్నం పెడుతుంది. చూస్తూ చూస్తూ పంపమంటావా?"

"లేదు. అమ్మ కొత్త పళ్ళేలు కొన్నది. మూడు. మూడు గరిటెలు, మూడు గ్లాసులు. ఇల్లంతా కడిగింది. బల్లల కింద కూడా. నీ బట్టీలో కాల్చిన రొట్టే కొన్నది తాతా. వాసన చూస్తే నీ బట్టీదని తెలిసిపోతుందట."

"అవన్నీ నీకెవరు చెప్పారు?"

"అమ్మే."

"ఎప్పుడు? షిఫ్రా. ఎప్పుడు చెప్పింది?"

"ఇందాక."

"ఇందాకేమిటి? ఇందాక నువ్వు ఇక్కడే ఉన్నావు."

"కింది ఇంటి ముసలమ్మకి యాపిల్ పచ్చడి ఇచ్చి రమ్మని నానమ్మ పంపింది కదా. అప్పుడు."

"ఈట్టా."

"నాకేం తెలుసండీ. ఏటా పంపే గిన్నే."

"అమ్మ కింద ఉంది తాతా. చెత్తడబ్బాల పక్కన బెంచీ మీద. చీకటి పడకముందే బస్సులో వచ్చిందట. బెరెల్‌కి జ్వరం మందు తెచ్చింది. స్ట్రాబెర్రీ రుచిది. వాడు వేరేది తాగడని అదే వెతికి తెచ్చింది. నన్ను చూడగానే 'ఒళ్ళు ఇంకా కాలుతోందా?' అనడిగింది."

"నువ్వేం చెప్పావు? అడుగుతున్నాను. ఏం చెప్పావే?"

"తగ్గిందని చెప్పా. నువ్వు అబద్ధమాడావని చెప్పలేదు."

"ఏమండీ, ఆ స్టూలు మీద కూర్చోండి."

"నాకేం అక్కర్లేదు. షిఫ్రా, నువ్వు మంచిపిల్లవి. ఇప్పుడు ఆ ముక్క ఇచ్చెయ్. రేపు తీరిగ్గా మాట్లాడదాం."

"అమ్మ పైకి రావాలి. నా పక్కన కూర్చోవాలి. అంతే. ఇంకేం అడగను. మళ్ళీ ఏడాది కూడా ఏం అడగను."

"అది కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"కుదరదంటే కుదరదు."

"'ఆకలిగా ఉన్నవాళ్ళంతా వచ్చి తినండి' అని మొదట్లో నువ్వే చదివావు. చాలా గట్టిగా చదివావు."

"అది ఈ రాత్రి చదవాల్సిన మాట తల్లీ. మన తాతలూ చదివారు, నేనూ చదివాను."

"తలుపు మూసుకుని చదివావు. కింద అమ్మ ఏమీ తినలేదు."

"ఆమె తినలేదంటే అది నేను..."

"ఆమె, ఆమె అంటావు. అమ్మకి పేరుంది."

"మీ అమ్మ చెడ్డదని నేనన్నానా? హదాసా ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు దానికి పంతొమ్మిదేళ్ళు. మొదటి పస్కాకి నేనే దాని పళ్ళెంలో రొట్టె విరిచి పెట్టాను. నా చేత్తో కాల్చింది. ఒకరోజు పొద్దున్నే లేచి, ఇవేవీ నేను నమ్మట్లేదు మామయ్యా అంది. పెళ్ళయిన ఆడది తియ్యకూడని తల గుడ్డ తీసి అదిగో, ఆ కుర్చీ మీద పెట్టింది. నేనేం చెయ్యాలి? చప్పట్లు కొట్టాలా?"

"నమ్మకపోయినా ఇల్లు కడిగింది కదా."

"ఏంటి?"

"అమ్మ నమ్మదు కదా. అయినా మా కోసం కడిగింది. నువ్వు నమ్ముతావు. అయినా అబద్ధమాడావు."

"ఈట్టా, విన్నావా దీని మాటలు? ఎనిమిదేళ్ళు."

"విన్నాను."

"నవ్వుతున్నావా?"

"లేదండీ. దగ్గొచ్చింది."

"షిఫ్రా, ఇటు విను. తలుపుకి చెవి పెట్టి విను, నేను అరవలేను. ఇవాళ మీరు ఒక పండక్కి వెళ్తారు. అక్కడ సముద్రం ఉంటుంది, సినిమా ఉంటుంది, ఎవరూ ఇది తినకు అది ముట్టకు అనరు. మళ్ళీ పండక్కి మీరే వెళ్తామంటారు. ఆ మళ్ళీ పండక్కి ఇక్కడికి రావడానికి ఏడుస్తారు. ఒకరోజు వీడు టోపీ తీసి ఆ కుర్చీ మీద పెడతాడు. నాకు డెబ్బై నాలుగేళ్ళు. మీరు పోతే ఈ టేబుల్ చుట్టూ నేనూ మీ నానమ్మా, కళ్ళు మూసుకునే మీ నాన్నా మిగులుతాం. అబద్ధమాడాను. నిజమే. మళ్ళీ ఆడాల్సొస్తే మళ్ళీ ఆడతాను."

"మేం తిరిగొస్తాం తాతా."

"అందరూ అట్లాగే అంటారు. అదీ అట్లాగే అంది."

"అక్కా, నాకు ఉచ్చొస్తోంది."

"ఇక్కడే ఉన్నావుగా, పోసుకో."

"తాత వింటున్నాడు."

"ఈట్టా, ఎంతుంది?"

"ఇరవై నిమిషాలు."

"షిఫ్రా, ఆటలు చాలు. ముక్క ఇవ్వు."

"నా దగ్గర లేదు."

"బెరెల్, నీ దగ్గరుందా?"

"నేను తినలేదు తాతా. ఒట్టు."

"మరెక్కడుంది?"

"అమ్మకిచ్చా. పచ్చడి గిన్నె కింద పెట్టుకుని పట్టుకెళ్ళా. నా రుమాల్లో చుట్టి అమ్మ ఒళ్ళో పెట్టా. అది లేకపోతే విందు అవదు కదా తాతా. అది రావాలంటే అమ్మ రావాలి. తాతా? ఉన్నావా?"

"ఉన్నాను. నా మనవరాలివేనే నువ్వు. కాదని ఎవరన్నా ఒప్పుకోను."

"అయితే వెళ్ళి పిలుచుకురానా?"

"ఈట్టా, బీరువా మీద పెట్టెలోంచి ఇంకో రొట్టె తీసుకురా."

"దేనికండీ?"

"విరవడానికి. దాచిన ముక్క పోతే ఇంకోటి విరిచి తినొచ్చు. పెద్దలు ఎప్పుడో రాసిపెట్టారు."

"ఇంకోటి సరిపోతుందా తాతా?"

"సరిపోతుంది."

"ఏ ముక్కయినా?"

"ఏ ముక్కయినా."

"మరి ఏటా మాతో ఎందుకు బేరమాడావు? బొమ్మలిచ్చావు, పుస్తకాలిచ్చావు. అవసరమే లేదుగా."

"మీరు నవ్వుతారని. ఇక గడియ తియ్యి తల్లీ. చల్లని నేల మీద కూర్చోకు. నీకు నిజంగా జ్వరమొస్తుంది."

"తాతా, అయితే సైకిలో?"

"దాచిన ముక్క తెస్తేనే సైకిలురా. మీరు తేలేదుగా."

గడియ తీశారు. పెద్దాయన ఇంకో రొట్టె విరిచి తలా కొంచెం పెట్టాడు, అర్ధరాత్రికి నాలుగు నిమిషాల ముందు. షిఫ్రా నోట్లో పెట్టుకుంది గాని ఎంతసేపటికీ మింగలేదు. భోజనమయ్యాక చెప్పే ప్రార్థన ముగిసింది. ఏలియా ప్రవక్త గిన్నెలో ద్రాక్షారసం పోశారు. ఆయన ప్రతి ఇంటికీ వస్తాడని ఈ వేళ వీధి తలుపు తీస్తారు, తీసేది పిల్లలే.

"నేను తీస్తా నానమ్మా. పోయినేడు అక్క తీసింది."

"వెళ్ళు నాన్నా. గడియ అందుతుందా?"

"అందుతుంది. అక్క నాకు నేర్పింది. గట్టిగా తీసి పక్కకి జరిగిపో అంది."

"పక్కకెందుకురా జరగడం?"

"అమ్మ లోపలికి రావాలిగా."

"షిఫ్రా. వీడేమంటున్నాడు?"

"నేనే చెప్పా తాతా. నువ్వు ముక్కకి ఒప్పుకోవేమోనని ముందే చెప్పా. వీధి తలుపు ఎట్లాగూ తీస్తారు, మెల్లగా పైకొచ్చి గుమ్మం బయట కూర్చో, తియ్యగానే లోపలికొచ్చెయ్ అని. ఏలియా కోసం తీసిన తలుపు ఎవరి మొహం మీదా వెయ్యకూడదని నువ్వే కథ చెప్పావు."

"అంటే ఇప్పుడు..."

"బయటుంది. ఎప్పట్నించో ఉండుంటుంది."

"బెరెల్, గడియ మీంచి చెయ్యి తియ్యరా."

"ఎందుకు తాతా?"

"తియ్యమన్నానా. ఈ ఏడు తలుపొద్దు. కిటికీ తెరుద్దాం."

"కిటికీయా?"

"ఆయన ప్రవక్తరా. ఆయనకి తలుపైనా ఒకటే, కిటికీ అయినా ఒకటే."

"మనది మూడో అంతస్తు కదా తాతా. ఎట్లా ఎక్కుతాడు?"

"ఏమండీ."

"నువ్వు మాట్లాడకు ఈట్టా."

"నలభై ఏళ్ళు మాట్లాడలేదు. మీ బట్టీలో పిండి కలిపి పద్దెనిమిది నిమిషాలు దాటితే పులిసినట్టేనని, అర నిమిషం ఎక్కువైనందుకు బస్తాలకి బస్తాలు పారేయించారు. పనివాళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డా వినలేదు. శాస్త్రమన్నారు. నేను ఊ అన్నాను. పొద్దున ఫోన్లో అబద్ధమాడారు, ఊ అన్నాను. ఇందాక ఇంకో ముక్క సరిపోతుందన్నారు, పెట్టె తెచ్చిచ్చాను. ఇప్పుడు ఏలియాకి కిటికీ చాలంటారా? నాఖుమ్, నీ పెళ్ళామేరా బయటుంది. ఒక్క మాటన్నా అను."

"..."

"కళ్ళు తెరిచాడు. అంతవరకే. సరే, నేను తీస్తాను. జరుగు బెరెల్."

"ఈట్టా, తియ్యకు. నా మాట విను."

"తీశాను."

"నానమ్మా, అమ్మేది?"

"ఆగు తల్లీ. చూడనీ."

"అమ్మా. అమ్మా."

"అరవకే షిఫ్రా. ఇక్కడెవరూ లేరు. కింద గేటు చప్పుడైంది ఇప్పుడే."

"లేదు. ఇక్కడే ఉంటుంది. ఇక్కడే కూర్చోమన్నా."

"కూర్చునే ఉంటుందమ్మా. మెట్టు ఇంకా వెచ్చగానే ఉంది. అన్నీ విన్నట్టుంది."

"ఈట్టా, తలుపు వేసెయ్."

"ఆగండి. గడప పక్కన ఏదో పెట్టింది. మందు సీసా. స్ట్రాబెర్రీ బొమ్మ ఉంది. ఇదేమో రుమాలు."

"నాదే నానమ్మా. నా రుమాలే."

"ముక్క. అంచు కూడా రాలలేదు. ఏమీ తినలేదన్నావే, ఆకలికైనా ఇంత తుంచుకోలేదు. మీ విందు ఆగకూడదని పెట్టి వెళ్ళింది. ఇదుగోండి, పట్టుకోండి. మీరు ఇంకోటి తినేశారుగా, దీన్నేం చేసుకుంటారో మరి."

"తాతా, ఎందుకు కూర్చున్నావు? ఇది మేం దాచిన ముక్కే. దొరికింది కదా. సైకిలు రేపు కొంటావా?"