పీకకి అంటుకున్న మాట

ఈ సంగతి ఇంతవరకూ నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు: వలిసెల కారం సీసాల మీద ‘పీకంట్’ అన్న మాట పెట్టింది నేనే. అచ్చుతప్పు కాదు. డీటీపీ షాపు రాజేశ్వరి తప్పు అసలే కాదు.

మా ఊరి ఆడవాళ్ళ సంఘం వలిసెలు, అంటే మా కొండ చేలలో పండే నల్లటి నూనెగింజలు, వేయించి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచి, అరకు రోడ్డు పక్కన కొట్లో పెట్టి అమ్ముతుంది. లేబుల్ మీద మాటలు రాసే పని నాకిచ్చారు. నేను ఇంటర్ మధ్యలో మానేసి, ఫోన్లో నిఘంటువు తిరగేస్తూ ఇంగ్లీషు నేర్చుకున్నదాన్ని. ‘స్పైసీ’ అని అందరూ రాస్తారు. నాకు ఎవరూ రాయని మాట కావాలి. వెతగ్గా వెతగ్గా ‘piquant’ దొరికింది. నాలుకని చురుక్కుమనిపించేది, మనసుకి హుషారు పుట్టించేది, రెండూ ఒకే మాటలో. ఇంగ్లీషులో పెట్టి ఊరుకున్నానా? కింద తెలుగు అక్షరాల్లో కూడా వేయించాను. పీకంట్ వలిసెల కారం.

అచ్చు వేసేముందు రాజేశ్వరి అడిగింది. “ఇదేటే, పీకకి అంటుకుంటాదన్నట్టుంది. చూసుకున్నావా?”

“నీకు తెలీదు. వెయ్యి” అన్నాను.

విశాఖ నుంచి వచ్చినవాళ్ళు ఒక చేత్తో సీసా, ఇంకో చేత్తో తమ పీకా పట్టుకుని ఫొటోలు దిగారు. సీసా అక్కడే పెట్టేసి వెళ్ళారు. సంఘం మీటింగులో “ఇదేం మాట? ఇలా ఎందుకు పడింది?” అని నన్ను అడిగారు. “రాజేశ్వరి టైపు కొట్టడంలో తప్పు చేసుంటుంది” అన్నాను. సంఘం పని ఇంకో షాపుకి పోయింది. రాజేశ్వరీ నేనూ పదో తరగతి దాకా ఒకే బెంచీ. ఆ రోజు నుంచి తను ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

నిన్న మధ్యాహ్నం మామ్మ, అంటే మా నాన్న తల్లి, గుమ్మంలో కూర్చుని వలిసెలు చెరుగుతోంది. ఫోన్లో రికార్డింగ్ నొక్కి పక్కన పెట్టి, “మామ్మా, తాత ఇంగ్లీషు మాట్లాడేవాడంట కదా. చెప్పవా?” అన్నాను. ఊరికే అడిగాను. ఆవిడ అన్నది అన్నట్టే రాస్తున్నాను.

*

మీ తాత ఇంగిలీసా? ఓలమ్మో! ఒక్క మాటే తల్లీ. ఒక్క మాటతో కొండంతా తిరిగీసినాడు. సెప్తాను గాని, ఆ ఫోను నా మొకానికి అంత దగ్గరెట్టకు. తుమ్మొస్తాది.

అప్పుడు బంగళాలో వంట సేసీవోడు. ఆఫీసర్లు ఒచ్చి దిగీవోరు సూడు, గుట్ట మీద. ఇప్పుడక్కడ హోటలు కట్టీసినారు, రేకులది. కాదు కాదు, రేకులది కిందది. ఏదో ఒకటి. ఓ రోజు ఓ ఆఫీసరొచ్చినాడు. కోడికూర సప్పగుందన్నాడంట. మీ తాత ఇంటికి పరిగెత్తుకొచ్చి నాను దంచిన వలిసెల కారం ఎత్తుకెల్లి పెట్టీసినాడు. అప్పుడు వలిసెలెవలు కొనీవోరే? సంతలో కుంచం వలిసెలిస్తే షావుకారు అరకుంచం ఉప్పిచ్చీవోడు, అదీ మట్టి కలిపి. ఇప్పుడేమో మా సేలో పువ్వుల్లో నిలబడి ఫొటో తీసుకోడానికి డబ్బులిస్తన్నారు. గింజ తినండి బాబూ అంటే మూతి తిప్పుతారు. సోకు పువ్వుకి, మట్టి మాకు.

ఏటి సెప్తన్నాను? ఆఁ, ఆఫీసరు. ముద్ద నోట్లో పెట్టినాడు. కళ్ళంట నీళ్ళు, ముక్కంట నీళ్ళు. ‘టెర్రిబుల్! టెర్రిబుల్!’ అని అరిసీసి సెంబుడు నీళ్ళు తాగీసినాడంట. గుమ్మంకాడ నిలబడి మీ తాత ఏటనుకున్నాడూ? ఇంత మొగోడు ఏడిసీసినాడంటే ఎంత బాగుండాలో అనుకున్నాడు!

ఇంటికొచ్చి ‘ఒలే, నీ కారం టెర్రిబుల్ అంట’ అన్నాడు. నాను మురిసిపోనాను. నవ్వకు. నీకైతే ఫోను సెప్తాది, నాకెవలు సెప్తారు?

అప్పట్నుంచి మరి సూసుకో. సంతలో టెర్రిబుల్ కారం. పక్కింట్లో బిడ్డ పుడితే టెర్రిబుల్ బిడ్డ. మా అత్త కాసిన అంబలి తాగీసి టెర్రిబుల్ అన్నాడు. ఆ ఒక్కసోటా మాట సరిగ్గా పడింది.

ఇలగుండగా పెద్దాఫీసరొచ్చినాడు, పెళ్ళాంతోటి. ఆయమ్మ పట్టుసీర కట్టుకుని బల్లకాడ కూకుంది. మీ తాత కారం వడ్డించీసి, సేతులు కట్టుకుని, ‘అమ్మగారూ, మా కారం టెర్రిబుల్. తమరు ఇంకా టెర్రిబుల్’ అనీసినాడు.

పెద్దాఫీసరు కంచం నెట్టీసి లెగిసినాడంట. ‘ఎవడ్రా నీకీ మాట నేర్పింది?’ మీ తాత అటూ ఇటూ సూసినాడు. పక్కన సోములమ్మ, బంగళాకి నీళ్ళు మోసీది, గోలెంలో నీళ్ళు పోస్తంది. ‘ఇదే బాబూ’ అని సెయ్యి సూపించీసినాడు.

సోములమ్మ! దానికి తెలుగే సగమొచ్చు. మేమిద్దరం మాటాడుకుంటే మా కొండ మాటే. దానికి ఇంగిలీసెక్కడ్నుంచొస్తాది? ఊట నీళ్ళతోపాటు కారి ఒస్తాదేటి? అంత సదివినోడికి ఆ పాటి తెల్దు మరి. ఆ పూటే దాన్ని పన్లోంచి తీసీసినారు.

అదెవలనుకున్నావు? నా జట్టు. నా పెళ్ళికి కొప్పు సుట్టింది అదే. సందేళ మా ఇంటి ముందరికొచ్చి నిలబడింది. బంగళా కుండ ఇంకా దాని నెత్తి మీదే ఉంది, దించడం మరిసిపోనాది. ‘నానేటన్నానే?’ అంది. అంతే. మీ తాత లోపల దుప్పటి కప్పీసుకుని తొంగున్నాడు. జొరమంట! ఎండాకాలం.

మరి నానో? నాకు తెల్దేటి? తెల్సు. అప్పటికే అంతా సెప్పీసినాడు. అయినా నానేటన్నానో సెప్పనా? ‘పెద్దోళ్ళ మాటలు, నాకేటి తెల్సే’ అన్నాను. మొగుడి ఉజ్జోగం పోతాదని. ఆ ఉజ్జోగమేటి, కలెక్టరు ఉజ్జోగమా? కూరలొండి అంట్లు తోమీది.

తరవాత సంతలో కనపడితే మొకం తిప్పీసుకునీది. కొన్నాళ్ళకి కూతురితోటి పెదబయలు ఎల్లిపోనాదన్నారు. పెదబయలేటి, లండనా? బస్సుంది. మీ తాత సచ్చిపోయిందాకా ఒకటే మాట, ‘వలిసెలు కోసీసినాక ఎల్తాను, ఎల్లి సెప్పీస్తాను’ అని. ఎన్ని వలిసెలు కోసినాడో. నాను మాత్రం తక్కువా? మోకాళ్ళ నొప్పులంటాను. సంతకెల్లడానికి లేని నొప్పి పెదబయలంటే ఒచ్చీస్తాది. ఇప్పుడది ఉందో లేదో...

అవునే గుంటా, ఆ అచ్చు గుంట రాడం మానీసిందేటి? రాజేశ్వరి. ఒచ్చినప్పుడల్లా నాకు పొగాకు తెచ్చీది.

ఏటలగ సూస్తావు? తప్పు కొట్టిందంట కదా, సంఘంలో నువ్వే సెప్పినావంట. పీకంటు! పీకకి అంటుకుంటాదని సీసా మీద రాసీసి, కొనండి బాబూ తినండి బాబూ అంటే ఎవలు కొంటారే? సరే, అచ్చు గుంటే సేసిందనుకో. మరి అచ్చవకముందర పది రోజులు ఈ గుమ్మంలో కూకుని ‘పీకంటు, పీకంటు’ అని బట్టీ పట్టినది ఎవలు? నాకు సదువు రాదు గాని సెవుడు లేదు. మన మేకలు కూడా ఇన్నాయి.

మీ తాతకో టెర్రిబుల్, నీకో పీకంటు. ఒంశం మరి, ఎక్కడికి పోతాది.

సోములమ్మకి ఫోన్లేదు. నాకూ లేదు. నీ కాడ ఉన్నదేటి, అద్దమా?

సర్లే, ఆ సేట ఇలగియ్యి, బేగి. మబ్బేస్తంది. నీ ఇంగిలీసు సల్లగుండ తల్లీ. పెద్ద పెద్ద మాటలే నేర్సుకో. అప్పుడప్పుడూ సిన్నవి కూడా... ఏదీ, ఆ కోడిని తోలు, గింజలన్నీ...

*

రికార్డింగులో ఆ తర్వాతంతా కోడీ, మామ్మ తిట్లూ.

రాజేశ్వరికి ఏం చెప్పాలా అని నిన్నటి నుంచి నిఘంటువులో మాటలు వెతుకుతున్నాను. క్షమాపణకి ఇంగ్లీషులో చాలా ఉన్నాయి, ఒకదాని కంటే ఒకటి నాజూకు. ఏదీ నోట్లో నిలవడం లేదు. చెప్పాల్సింది రెండు ముక్కలే: “మాట నాదే.” తనకి చెప్పాక అదే సంఘంలోనూ చెప్పాలి.

ఇదంతా చక్కగా రాసి ముగించాక చేద్దాంలే అనుకున్నాను. అదీ మోకాళ్ళ నొప్పే. ఇక్కడితో ఆపి, ఫోన్ చేస్తున్నాను.